మధ్యగోడ మీద గుంట

3, మంగళవారం

ఇల్లు ఖాళీ చేస్తున్నానని ఇవాళ కింద చెప్పి వచ్చాను. ఇరవై ఎనిమిదిన తాళాలు ఇస్తానన్నాను.

ఓనరు బాబాయిగారు కళ్ళజోడు సర్దుకుని, "ఆ రోజు పొద్దున్నే వచ్చి అన్నీ చూసుకుంటానమ్మా. అప్పగింత కాగితం ఉందిగా నీ దగ్గర?" అన్నారు. ఉంది. ఆరేళ్ళ కింద మేము దిగిన రోజు ఆయన స్వయంగా రాసిచ్చింది. వంటింటి కిటికీకి చిలుము, స్నానాలగదిలో మూడో వరుస రెండో టైలుకు పగులు, వీధి తలుపు గడియ వదులు. గోడలు నున్నగా, మచ్చ లేకుండా ఉన్నవి. ఆ మాట కింద గీత కూడా గీశారు.

దుకాణాల్లో తక్కెళ్ళు తనిఖీ చేసి రిటైరైన మనిషి. గోడ మీద టార్చిలైటు అడ్డంగా వేసి చూస్తారు, నాణెంతో తట్టి వింటారు. వాటాల వాళ్ళందరం చాటుగా ఆయన్ని టార్చి అనే అంటాం. పక్క వాటా వాళ్ళు వెళ్ళేటప్పుడు ఒక్క మేకు చిల్లుకు గది మొత్తం రంగు ఖర్చు అడ్వాన్సులో పట్టుకున్నారు. ఒక గోడకే వేస్తే మిగతావి వెలిసినట్టు కనిపిస్తాయట.

అడ్వాన్సులో సగం నాది, సగం మా ఆయనది. నాలుగు నెలలుగా ఈ ఇంట్లో లేని మా ఆయనది. కుట్టుమిషను ఆవిడ తన షాపు పైన నేను అద్దెకు చూసుకున్న గదికి అడిగిన అడ్వాన్సు, ఇక్కడి నా సగం సరిగ్గా సమానం. నెలాఖరు లోపల కట్టకపోతే వేరే వాళ్ళకు ఇచ్చేస్తానంది. నా దగ్గర అది తప్ప చిల్లిగవ్వ లేదు. ఆ గది పోతే అక్క ఇల్లే గతి.

అక్క ఇంటికి మాత్రం వెళ్ళను.

4, బుధవారం

రాసుకుంటే కంగారు తగ్గుతుందని మొదలుపెట్టాను.

హాల్లో మేకు చిల్లులు తొమ్మిది. వంటింట్లో పొయ్యి వెనక జిడ్డు. కుళాయిలకు తెల్లటి గార. పడగ్గది తలుపు పక్కన మధ్యగోడ మీద గుంట ఒకటి. మంచం జరుపుతుంటే మూల తగిలింది. క్యాలెండరు తగిలించి ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు.

తగ్గలేదు.

6, శుక్రవారం

అక్క ఫోను. నేను హలో అనేలోపే సగం చెప్పేసింది.

"ఆ గదీ గిదీ ఎందుకే? మా ఇంటికి వచ్చెయ్. బావ కూడా రమ్మంటున్నారు. పైన గది ఖాళీయే."

"చూద్దాంలే అక్కా."

"చూడ్డానికేముంది? అడ్వాన్సు మాత్రం వదలకు. ఆ గోడకు గుంట పెట్టింది వాడేగా, వాడి సగంలో పట్టుకోమను. గోడను గుద్దినవాడు రేపు నిన్ను గుద్దడా? సమయానికి పోయాడు, పీడా వదిలింది."

నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు. పాలు పొంగుతున్నాయని పెట్టేశాను. పొయ్యి మీద పాలు లేవు.

గుంట సంగతి అక్కకు ఎప్పుడు చెప్పానో గుర్తు రావడం లేదు. ఆయన వెళ్ళిన వారం వచ్చి, క్యాలెండరు ఎత్తి, "ఇదేంటే?" అంది. నేను ఏడ్చాను. అంతే. మిగతాది తనే అల్లుకుంది. ఏడవడం నేరమా?

8, ఆదివారం

పొద్దున్నుంచి తోమడమే. కట్టుడు పళ్ళు నానబెట్టే బిళ్ళలు నేను పనిచేసే పళ్ళ ల్యాబు నుంచి ఓ డబ్బా తెచ్చుకున్నాను. కుళాయి మూతికి తడిబట్టలో చుట్టి అరగంట ఉంచితే గార మొత్తం రాలిపోయింది. పద్నాలుగేళ్ళుగా ఊళ్ళోవాళ్ళకు పళ్ళు చేసిపెడుతున్నాను, ఆ చదువు ఇన్నాళ్ళకు నా కుళాయికి పనికొచ్చింది. మధ్యాహ్నం నవ్వొచ్చింది కూడా. ఒంటరిగా నవ్వితే ఇల్లు ఇంత పెద్దదా అనిపిస్తుంది.

చిల్లులన్నీ సుద్దతో పూడ్చాను. తొమ్మిదీ.

గుంట జోలికి వెళ్ళలేదు. దానికి మంచి సరుకు కావాలి.

11, బుధవారం

మా ఆయన వచ్చాడు. ఒప్పందం మీద ముందు పేరు ఆయనది. ఖాళీ చేస్తున్నట్టు కాగితం మీద ఇద్దరి సంతకం కావాలన్నారు టార్చి.

లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం కదా, గ్రీజు మరక ఎప్పుడూ ఉండే ఆ చొక్కాయే. హాల్లో నిలబడే సంతకం పెట్టాడు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. పడగ్గదిలో ఆయన పుస్తకాలు, పాత రేడియో ఉన్నాయి, తీసుకెళ్ళమన్నాను.

"నువ్వే తెచ్చిస్తావా?" అన్నాడు.

గర్వం. ఆరేళ్ళు పడుకున్న గదిలోకి రెండడుగులు వెయ్యడానికి అంత గర్వమేమిటో. నేనే మోసుకొచ్చి చేతిలో పెట్టాను.

"నెలాఖరు లోపల నా సగం చేతికి రావాలి. కుట్టుమిషను ఆవిడ ఆగదు," అన్నాను.

"ఊఁ."

"తనిఖీ రోజు నువ్వూ ఉండాలిట."

"ఊఁ."

ఆ ఊఁ వింటే ఒంట్లో ఏదో పాకుతుంది. ఆరేళ్ళ కాపురంలో నా వంతు మాటలు, ఆయన వంతు మాటలు నేనే మాట్లాడాను. కూర బాగుందో లేదో, జీతం పెరిగిందో లేదో, నా మీద కోపమో లేదో, అన్నీ నేనే ఊహించుకోవాలి. వాళ్ళ లిఫ్టులే నయం, ఆగిపోతే గంటైనా మోగుతుంది.

13, శుక్రవారం

మంచం తగిలి గోడకు గుంట పడిందని చెప్పి, ల్యాబులో మైనం మామను స్టోను పొడి అడిగాను. మైనంతో పళ్ళ వరసలు పేర్చడంలో ఆయన్ను మించినవాడు లేడు, అందుకే ఆ పేరు. స్టోను అంటే అచ్చులు పోసే గట్టి సుద్ద. మామూలు సుద్ద గోటికి రాలుతుంది, ఇది రాయే.

"ఎంత గుంటే?" అన్నాడు. గాల్లో వేలితో గీసి చూపించాను.

"త్రికోణంగా ఉందే! మంచం మూలకు అలా కోసుగా పడుతుందా?"

"అల్మారా అయ్యుంటుంది మామా."

"నువ్వేగా మంచమన్నావు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అక్కణ్ణించి వచ్చేశాను. కావలసిన దానికంటే రెట్టింపు పొడి కట్టి ఇచ్చాడు.

అల్మారాయే. ఇప్పుడు గుర్తొచ్చింది.

14, శనివారం

గుంట పూడ్చాను.

క్యాలెండరు తీసి, బ్రష్షుతో దుమ్ము దులిపి, అలవాటుగా సబ్బునీళ్ళు పూసి, ఆరనిచ్చి, రబ్బరు గిన్నెలో స్టోను చిక్కగా కలిపి గరిటెతో దట్టించాను. గాలి బుడగ లేకుండా వేలితో తడుతూ, అంచులు గోడకు సమంగా గీసి, తడిబట్టతో తుడిచాను. చెయ్యి వణకలేదు. పని చేసేటప్పుడు నా చెయ్యి ఎప్పుడూ వణకదు. వేరే సమయాల్లోనే దాని సంగతి చెప్పలేం.

15, ఆదివారం

ఆరింది. గీకితే గోరు అరిగింది గానీ అది అరగలేదు.

17, మంగళవారం

రంగు దెబ్బకొట్టింది. ల్యాబులో పళ్ళ రంగు చూసే పలక ఉంటుంది, వరసగా నమూనా పళ్ళు గుచ్చినది. దాన్ని ఇంటికి తెచ్చి గోడకు ఆనించి చూశాను. ఆరేళ్ళలో మా పడగ్గది గోడ నడివయసు మనిషి పన్ను రంగుకు వచ్చింది. దానికి తగ్గట్టే సున్నంలో పసుపుపచ్చ, మట్టిరంగు చుక్కచుక్కగా కలిపి వేశాను. ట్యూబులైటు కింద అతికినట్టు సరిపోయింది. పొద్దున కిటికీ తెరిస్తే పచ్చగా, పాచిపట్టినట్టు కనిపించింది.

రంగు ఎప్పుడూ కిటికీ వెలుగులోనే చూడాలని కొత్తగా చేరినవాళ్ళకు రోజూ చెప్పేది నేను. చెప్పేటందుకే నీతులు.

కుట్టుమిషను ఆవిడ గదికి తూర్పు కిటికీ ఉంది. అక్కడ బల్ల వేసుకుంటే రంగు పని ఇంటికే తెచ్చుకోవచ్చు. ఆ కిటికీ గురించి ఇవాళ చాలాసేపు ఆలోచించాను.

20, శుక్రవారం

రంగు మళ్ళీ వేశాను, ఈసారి పగటి వెలుగులో. సరిపోయింది. కానీ చుట్టూ మాసిన గోడలో అదొక్కటే కడిగిన మొహంలా ఉంది. పక్క పన్ను పాతదైతే కొత్త పన్నుకూ కాస్త మరక పెడతాం, లేకపోతే కట్టుడని తెలిసిపోతుంది. పలచటి టీ నీళ్ళు దూదితో అద్దాను. రెండు చోట్ల వేలిముద్ర పడేలా నొక్కాను.

నేనే వెతుక్కోవలసి వచ్చింది. అంత బాగా కుదిరింది.

సంతోషించాలి కదా. ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు.

22, ఆదివారం

కింద నీళ్ళ మోటారు దగ్గర పిన్నిగారు కనిపించారు, బాబాయిగారి భార్య. చెయ్యి పట్టుకున్నారు.

"ఆ రోజు మాకు వినిపించిందే అమ్మా. ధనామని చప్పుడు, తర్వాత నీ ఏడుపు. పైకి వద్దామని మెట్టు కూడా ఎక్కాను. మొగుడూపెళ్ళాల మధ్య మనకెందుకని ఈయన ఆపారు. అంత నెమ్మదస్తుడు, ఎవరనుకుంటారు?"

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. బక్కెట్టు నిండి పొర్లిపోతోంది.

చప్పుడు విన్నారు. ఏడుపు విన్నారు. ఏడ్చేది దెబ్బ తిన్నవాళ్ళేనని ఎవరు చెప్పారు వీళ్ళకు?

24, మంగళవారం

అల్మారా కాదు.

26, గురువారం

వంటసామాను సర్దుతుంటే ఇస్త్రీ పెట్టె చేతికొచ్చింది. ముక్కు కాస్త ఎడమకు వంగి ఉంటుంది. ఆ రోజు నుంచీ.

రాసేస్తాను. ఇది ఎవరు చదువుతారు గనక.

మూడు రోజులుగా మాట లేదు. ఎందుకో ఇప్పుడు నాకే గుర్తులేదు. నేను ఇస్త్రీ చేస్తున్నాను, ఆయన తలుపు పక్కన నిలబడి వాచీ పెట్టుకుంటున్నాడు. "ఉప్పెక్కువైందనైనా అను, నేనంటే అసహ్యమనైనా అను, ఏదో ఒకటి అను," అన్నాను. ఆయన వాచీ వంకే చూశాడు. విసిరాను.

వేడిగా ఉంది అది. తీగ ప్లగ్గులోంచి ఊడి వెనకాలే తోకలా వెళ్ళింది.

ఇవాళ టేపు పెట్టి కొలిచాను. గుంట ఎత్తు సరిగ్గా ఆయన చెవి ఎత్తు. పక్కకు నాలుగు వేళ్ళు తేడా. గురి తప్పిందో, తప్పించానో నాకు తెలియదు. తప్పించాననే అనుకుంటూ వచ్చాను. విసిరేటప్పుడు ఎవరైనా నాలుగు వేళ్ళు కొలుస్తారా?

ఏడ్చింది నేను. ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకుని, చొక్కా కూడా మార్చుకోకుండా వెళ్ళిపోయాడు.

సర్లే. గుంట లేదిప్పుడు. ఎల్లుండి టార్చి చూస్తారు, ఏమీ కనపడదు, ఎవరి సగం వాళ్ళకు వస్తుంది. ఎవరికీ నష్టం లేదు. దీన్ని ఇక్కడితో వదిలెయ్యాలి.

28, శనివారం

తొమ్మిదింటికి వచ్చారు. టార్చి, పిన్నిగారు, వెనకాల మా ఆయన. ఖాళీ ఇంట్లో అడుగుల చప్పుడే వింతగా ఉంది.

కాగితం ప్రకారం ఒక్కొక్కటే. చిలుము ఉంది, పగులు ఉంది, గడియ వదులు ఉంది. కుళాయిలు చూసి టార్చి ముఖం విప్పారింది. "కొత్తప్పుడు కూడా ఇలా లేవే!" అన్నారు. మేకు చిల్లుల చోట్లు తట్టి తల ఊపారు. లోపల ఎక్కడో పొగరుగా కూడా ఉంది. పనిమంతురాలి పొగరు.

పడగ్గదిలో టార్చిలైటు మధ్యగోడ మీదుగా మెల్లగా జరిగింది. ఆగలేదు. ముందుకెళ్ళిపోయింది.

తర్వాత నాణెం తీశారు. టక్, టక్, టక్, టిక్.

మళ్ళీ కొట్టారు. టిక్. లోపల ఏదో కదిలినట్టు చిన్న చప్పుడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, సబ్బునీళ్ళు. అచ్చు పోసేముందు సబ్బునీళ్ళు పూస్తాం, పోసింది అంటుకోకుండా చక్కగా ఊడి రావాలని. పద్నాలుగేళ్ళ అలవాటు. గోడకు అంటుకుపోవలసిన దానికి, అంటుకోకుండా మందు పెట్టి మరీ పూడ్చాను. నాలాంటి తెలివైనదాన్ని భూతద్దం పెట్టి వెతకాలి.

"ఇక్కడేదో ఉందమ్మా," అన్నారు టార్చి.

నేను నోరు తెరిచేలోపు గుమ్మం అవతల నుంచి ఆయన గొంతు వినిపించింది. "నేనేనండి. కోపంలో గుద్దాను. నా సగంలో పట్టుకోండి. ఆవిడది ఆవిడకు ఇచ్చెయ్యండి."

ఆరేళ్ళలో ఒక్క గుక్కలో ఆయన అన్ని మాటలనడం నేను వినలేదు.

పిన్నిగారు నిట్టూర్చారు. "తెలుసులే బాబూ, విన్నాంగా. ఒప్పుకున్నావు, అదే పదివేలు." టార్చి కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. ఆయన సగంలో కోత. నా సగం నాకు. కుట్టుమిషను ఆవిడ గది, తూర్పు కిటికీ, బల్ల. నేను చెయ్యవలసిందల్లా ఊరుకోవడం. ఊరుకోవడంలో ఎంత సుఖముందో ఆయనకు ఇన్నేళ్ళూ తెలుసన్నమాట.

కుదరలేదు. ఎందుకు కుదరలేదో రాయమంటే రాయలేను. పిన్నిగారు ఆయన వంక చూసిన చూపు ఒకటుంది. నాలుగు నెలలుగా అక్కా, బావా, ఈ వీధంతా ఆయన్ని ఆ చూపే చూస్తున్నారు. దాన్ని నేను మొదటిసారి పక్కనుండి చూశాను.

"ఆయన కాదు బాబాయిగారూ. నేను."

టార్చి పెన్ను ఆపలేదు. పిన్నిగారు నా భుజం నిమిరారు. "చూశారా, ఇంకా మొగుణ్ణి వెనకేసుకొస్తోంది పిచ్చిపిల్ల." కొంగుతో కళ్ళొత్తుకున్నారు కూడా.

నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితంలో ఒక్కసారి నిజం చెబితే నమ్మరే! చేతిసంచీలోంచి మైనం గీకే గరిటె తీసి, అతుకు అంచున గుచ్చి ఒక్క మెలి తిప్పాను. సబ్బునీళ్ళ పుణ్యమా అని ముక్కలు కాకుండా మొత్తం ఊడి నా అరచేతిలో పడింది. వెనకవైపు తిప్పి చూపించాను. కోసుగా, అంచులు పదునుగా, రాయిలా గట్టిగా, ముమ్మూర్తులా ఇస్త్రీ పెట్టె ముక్కు. నా పనిలో అంత శుభ్రమైన అచ్చు ఎన్నడూ రాలేదు.

పిన్నిగారు కొంగు దించారు. "ఇది పిడికిలి కాదే," అన్నారు నెమ్మదిగా.

"ఆయన ఇక్కడ నిలబడ్డారు. నేను అక్కణ్ణించి విసిరాను."

టార్చి కొలతల మనిషి. గుంట వంకా, ఆయన ఎత్తు వంకా చూశారు. "ఏదీ బాబూ, ఓసారి ఇలా వచ్చి గోడ పక్కన నిలబడు."

ఆయన రాలేదు. గుమ్మం దాటడానికి కాలు ఎత్తి, మళ్ళీ వెనక్కే పెట్టాడు. చెయ్యి దానంతటదే చెవి మీదకు పోయింది. ఖాళీ గది, నా చేతిలో సుద్ద ముక్క తప్ప ఏమీ లేదు, అయినా రాలేదు.

గర్వమని రాశాను మొన్న, ఇదే పుస్తకంలో. పదకొండో తేదీన.

టార్చి రాసింది కొట్టేసి మళ్ళీ రాశారు. తాపీ పని, గది మొత్తానికి రంగు, నా సగంలో. నా వంక చూడకుండానే కాగితం చేతికిచ్చారు. పిన్నిగారు ఆయనతో, "కిందికి రా నాయనా, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్దువుగాని," అన్నారు. నన్ను పిలవలేదు.

మెట్ల దగ్గర ఆయన్ని ఆపాను. "ఎందుకలా చెప్పావు?"

"నీకు గది కావాలన్నావుగా."

"నేనూ చెప్పాల్సింది ఒకటుంది."

ఆగాడు. క్షమించమని అడగాలి నేను. ఆరేళ్ళు ఇద్దరి మాటలూ మాట్లాడిన నాకు ఆ ఒక్క మాట గొంతు దాటి రాలేదు. ఊఁ అని కూడా అనలేకపోయాను. కాసేపు చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

29, ఆదివారం

కుట్టుమిషను ఆవిడతో, ఉన్నంత ఇస్తాను, మిగతాది రెండు నెలల్లో కడతానన్నాను. "ఏమనుకోకమ్మా, ఇంకొకళ్ళు మొత్తం పట్టుకుని నిలబడ్డారు," అంది. ఆవిడ తప్పేముంది.

కిటికీ వంక చూడకుండా వచ్చేశాను.

30, సోమవారం

సామానుతో అక్క ఇంటికే చేరాను. అక్కకు చెప్పాను. ఫోనులో కాదు, ఎదురుగా కూర్చుని. గుంట నాదని, ఇస్త్రీ పెట్టె అని, వేడిగా ఉందని, నాలుగు వేళ్ళని. ఆ ముక్క కూడా చూపించాను.

అక్క మాట్లాడలేదు. మా అక్క! బావే, "అలసిపోయావు, పైన గదిలో పడుకో," అన్నారు.

1, మంగళవారం

ఆయనకు మెసేజి పెట్టాను. నేను చేసింది తప్పు, నన్ను క్షమించు అని. చదివినట్టు చూపిస్తోంది. జవాబు లేదు. ఉండాలని రూలేమీ లేదు.

2, బుధవారం

పొద్దున పనికి వెళ్ళేముందు అక్క ఇంట్లో ఇస్త్రీ పెట్టె కోసం చూశాను. ఎప్పుడూ ఉండే బల్ల మీద లేదు. వెతికితే కనిపించింది. వంటింట్లో అన్నిటికంటే పై అరలో, పెద్ద గిన్నెల వెనక, గుడ్డలో చుట్టి పెట్టి ఉంది.

అక్క గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. తీసిమ్మని నేను అడగలేదు. ముడతల బట్టలతోనే పనికి వెళ్ళాను.